తెలిసియు పూడ్చని కన్నము

ఒక ప్రభుత్వము తన ప్రజలతో, “మీరు ప్రతిదినమును వాడుచున్న పనిముట్టును కొంతకాలము పక్కకు బెట్టుడు” అని బహిరంగముగా చెప్పుట మిక్కిలి అరుదు. ఆ పనిముట్టు దేశదేశముల వాడుకలో నున్నదియు, దాని యజమాని లోకములోని మహాధనిక సంస్థలలో నొకటియు నైనప్పుడు, అట్టి మాట చెప్పుటకు మఱింత గుండెనిబ్బరము కావలెను. 2010వ సంవత్సరము జనవరి 15వ తేదీన జర్మను ప్రభుత్వముయొక్క సమాచార భద్రతాశాఖ అట్టి మాట చెప్పెను. మైక్రోసాఫ్ట్ సంస్థవారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అను బ్రౌజరులో గొప్ప లోపము బయటపడినదనియు, దానికి మరమ్మతు వచ్చువఱకు మఱియొక బ్రౌజరును వాడుకొనుడనియు ఆ శాఖ తన ప్రజలను హెచ్చరించెను. పిమ్మట ఫ్రాన్సు ప్రభుత్వముయొక్క భద్రతాశాఖయు ఇంచుమించుగా ఆ మాటయే చెప్పెను. ఆ బ్రౌజరు ఇప్పుడు లేదు. కాని ఆ జనవరి నెలలో బయటపడిన తప్పు ఒక్క బ్రౌజరుతో పోవునది కాదు గనుక, ఆ కథను మరల చెప్పుకొనుట అవసరమని తలచుచున్నాము.

బ్రౌజరన నేమో మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కంప్యూటరులోనో చేతిఫోనులోనో దానిని తెఱచియే మనము వార్తలు చదువుచున్నాము. బ్యాంకు ఖాతా చూచుకొనుచున్నాము. రైలు టిక్కెట్టు కొనుచున్నాము. ఆంధ్రప్రదేశమున మీభూమిలో అడంగలును, తెలంగాణమున భూభారతిలో పహాణీని చూచుకొనుచున్నాము. అయితే ఒక్క సంగతి సాధారణముగా మనకు స్ఫురింపదు. బ్రౌజరును మనము కిటికీవలె భావింతుము. కిటికీలోనుండి బయటిది కన్పించును గాని లోనికి రాదు గదా యని ధైర్యముగా నుందుము. ఇది పొరబాటు. పుటను మన కంటికి చూపుటకు ముందు, ఆ పుటను పంపినవా రెవరో వ్రాసిన ఆజ్ఞలను బ్రౌజరు మన యంత్రములోనికి గొనివచ్చి, మన యింటిలోనే వానిని నడుపును. మన మెన్నడును ముఖము చూడనివారి యాజ్ఞలు దినమునకు వందసారులు మన యింట నడచుచున్నవి. అవి గీచిన గీటు దాటకుండ కాచుటయే బ్రౌజరును నిర్మించువారి ప్రధాన ధర్మము. ఆ గీటులో నెక్కడనైన సందు దొరకెనా, మనము దేనిని నొక్కకున్నను, దేనికి సమ్మతింపకున్నను, పుట తెఱచినంతమాత్రముననే యంత్రము పరాధీనమగును.

2010 నాటి లోపము ఎట్టిదో గ్రామలెక్కలతో పరిచయమున్నవారికి సులభముగా బోధపడును. ఒక రైతు తన చేనును విడిచి యూరు వదలి పోయినాడనుకొనుడు. చేను ఖాళీయైనది. కాని లెక్కలలో నొకమూల ఆతని పేరే నిలిచియున్నది. ఆ మూలను చూచువాడు ఆ రైతు ఇంకను అక్కడనే యున్నాడని నమ్మి, నీటివంతును, ఎరువుల వంతును, నష్టపరిహారమును ఆ పేరనే పంపుచుండును. ఇది కనిపెట్టిన మోసగాడొకడు ఖాళీచేనులో చొరబడి కూర్చుండి, ఆ పేరుతో వచ్చుదానినెల్ల తాను పుచ్చుకొనును. అడుగువారు లేరు, లెక్క సరిగనే యున్నది! బ్రౌజరులో జరిగినదియు నిదియే. పుటలోని యొక వస్తువును తీసివేసి, యంత్రముయొక్క మెమరీలో దానికిచ్చిన చోటును బ్రౌజరు ఖాళీచేసినది. కాని ఆ చోటి చిరునామా లోపల నింకొకచోట చెరపబడక మిగిలినది. దొంగ ఆ ఖాళీచోటును తన యాజ్ఞలతో నింపి, పాత చిరునామా పట్టుకొని బ్రౌజరు తనంతట తాను వచ్చువఱకు కాచుకొనియుండెను.

ఇది వినుటకు చిన్న పొరబాటువలె నుండును. కాని ఈ జాతి పొరబాట్లే బ్రౌజరులకు పట్టిన పెద్దరోగము. గూగుల్ సంస్థవారు తమ క్రోము బ్రౌజరులో కనుగొనబడిన తీవ్రమైన భద్రతాలోపములను లెక్కించి, సుమారు నూటికి 70 పాళ్లు మెమరీని సరిగా నిర్వహింపకపోవుటవలన కలిగినవే యనియు, వానిలో సగము ఈ పాతచిరునామా తప్పులే యనియు 2020లో ప్రకటించిరి. కావున ఒకరిని హేళనచేసి మఱియొకరిని పొగడుటకు మేమీ కథను చెప్పుటలేదు. బ్రౌజరు లక్షలకొలది పంక్తుల రచన. దానిలో తప్పు లేకుండ వ్రాయగలవాడు ఇంకను పుట్టలేదు. తప్పున్నదని తెలిసినపిదప ఎవరేమి చేసిరన్నదే మా విచారణ.

దాడిచేసినవారు సామాన్యులు కారు. 2010 జనవరి 12న గూగుల్ సంస్థవారు ఒక ప్రకటన చేసిరి. 2009 డిసెంబరు నడుమ చైనాదేశమునుండి బయలుదేరిన దాడియొకటి తమపై జరిగినదనియు, తమ మేధాసంపద కొంత అపహరింపబడినదనియు, మఱి యిరువదికి తక్కువగాని పెద్దసంస్థలు ఇట్టి దాడికే గుఱియైనవనియు, చైనాలోని మానవహక్కుల వాదుల యుత్తరములను చదువవలెననుటయే దాడిచేసినవారి ముఖ్యోద్దేశముగా కన్పట్టుచున్నదనియు ఆ ప్రకటన తాత్పర్యము. రెండుదినముల పిమ్మట మెకాఫీ యను భద్రతాసంస్థవారు, ఆ దాడికి సాధనమైనది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో నున్న, లోకమంతవఱకు నెఱుగని, కన్నమని వెల్లడించి, దాడికి అరోరా యని పేరిడిరి. ఆ దినముననే మైక్రోసాఫ్ట్ వారును దాని నొప్పుకొని హెచ్చరికపత్రమును ప్రచురించిరి. ఒకటిరెండు దినములలో ఆ కన్నము వేయు విధానము అందఱికిని దొరకునట్లు బట్టబయలైనది. ఆరితేరిన గూఢచారుల చేతిలో నుండిన ఆయుధము వీథిలోని చిల్లరదొంగకును అందుబాటైనది. జర్మను ప్రభుత్వము నోరు విప్పిన సమయమిది.

మైక్రోసాఫ్ట్ వారు ప్రతినెలయు రెండవ మంగళవారమున మరమ్మతులను విడుదలచేయుట ఆచారము. వీనికి ఆంగ్లమున నున్న పేరునకు మన మాసిక యను మాట అచ్చముగ సరిపోవును. చినిగినచోట వేయు గుడ్డపేలికయే అది. ఆ యేడు జనవరి మంగళవారము 12వ తేదీనాడే గడచిపోయినది. తరువాతిది ఫిబ్రవరి 9. అంతవఱకు ఆగుట సాధ్యము కాదని గ్రహించి వారు ఆచారమును మీరి జనవరి 21న మాసికను విడుదలచేసిరి. హెచ్చరిక వెలువడిన దినమునుండి లెక్కించిన సరిగా ఏడు దినములు. ఇది మెచ్చుకొనదగిన వేగమే.

కాని ఆ దినములలోనే మఱియొక సంగతి తెలిసినది. ఇజ్రాయెల్ దేశమందలి బగ్‌సెక్ అను సంస్థవారు ఈ కన్నమును అంతకు ముందేడే కనిపెట్టి మైక్రోసాఫ్ట్ వారికి రహస్యముగా తెలిపియుండిరి. అది నిజమని 2009 సెప్టెంబరునాటికే మైక్రోసాఫ్ట్ వా రెఱుగుదురు. రాబోవు ఫిబ్రవరిలో మాసిక వేయవలెనని సంకల్పించుకొనియుండిరి. దొంగ డిసెంబరులో వచ్చెను.

ఈ యాలస్యమునకు సంస్థవారి పక్షమున చెప్పదగిన సమాధానము లేకపోలేదు; దానిని మరుగుపఱచుట న్యాయముకాదు. కోట్లకొలది యంత్రములకు ఒక్కసారిగా పంపవలసిన మాసికను పరీక్షింపక పంపిన, రోగముకంటె మందే ప్రాణము తీయవచ్చును. ఆ ఫిబ్రవరి నెలలోనే, విండోసునకు వారు పంపిన వేఱొక మాసిక తగిలి, ఎన్నో యంత్రములు నీలితెర చూపి లేవలేకపోయినవి. అవి అంతకుముందే దొంగ ప్రోగ్రాము సోకి గుల్లయైయున్న యంత్రములని పిదప తేలినది గాని, మఱునాటి యుదయమున దుకాణము తెఱచుకొనలేనివానికి ఆ వివరముతో నేమి పని? ఏడు దినములలో ముగిసినపని యంతకుముందే సాగుచుండిన పనియను మాటయు నిజమే. ఇవన్నియు నొప్పుకొందుము. ఒప్పుకొన్నపిమ్మటను ఒక్క ప్రశ్న మిగులును. దాడి జరుగువఱకు ఫిబ్రవరికిగాని ముగియని పని, దాడి జరిగినపిమ్మట జనవరిలోనే యెట్లు ముగిసినది? లోకమునకు తెలిసినదన్న యొక్క మార్పుదక్క నడుమ వేఱు మార్పేదియు మాకు కన్పించుటలేదు.

అట్లని కన్నము కనిపెట్టినవాడు ఆ దినముననే దండోరా వేయించుటయు తగదు. దండోరా దొంగకును వినబడును. ఈ రెండు ధర్మములకు నడుమ మార్గమొకటి తరువాతి సంవత్సరములలో క్రమముగా స్థిరపడినది. మొదట యజమానికి రహస్యముగా చెప్పవలెను. చెప్పునప్పుడే గడువు పెట్టవలెను. గడువు దాటినచో లోకమునకు చెప్పవలెను. 2014లో గూగుల్ వారు ప్రాజెక్టు జీరో యను పేర నెలకొల్పిన పరిశోధకబృందము అందఱికిని 90 దినముల గడువు పెట్టినది. దొంగలప్పటికే వాడుచున్న కన్నమైనచో 7 దినములకు మించి యూరకుండరాదని ఆ సంస్థవారు 2013లోనే ప్రకటించియుండిరి. పోటీసంస్థ పెట్టిన గడువేమి యని మొదట గొణిగినవారును ఉండిరి. కాని అప్పువలెనే మరమ్మతును గడువు లేనిచో తీరదని మన రైతులకు వేఱుగ చెప్పవలెనా?

ఇక ప్రభుత్వముల సంగతి. జర్మనులు చెప్పినమాటను బ్రిటిషు ప్రభుత్వము చెప్పలేదు. మాసికలన్నియు వేసియుంచిన క్రొత్త ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును విడిచి వేఱొకదానిని పట్టినంతమాత్రమున భద్రత పెరుగునని నిదర్శనము లేదని ఆ ప్రభుత్వము వాదించెను. తర్కము చూచిన తప్పు లేదు. కాని ఆ సమయమున కన్నమునకు మాసికయే లేదు. దాడి ముఖ్యముగా జరిగినది 2001 నాటి ఆఱవకూర్పుపైన. ఆ యాఱవకూర్పు బ్రిటిషు ప్రభుత్వ కార్యాలయములలోనే విస్తారముగా వాడుకలో నుండెను. దానిని తీసివేయుడని ప్రజలు సంతకములతో చేసికొన్న విన్నపమునకు అదే సంవత్సరము వేసవిలో వచ్చిన ప్రత్యుత్తరము, అంత పెద్ద వ్యవస్థను మార్చుట వ్యయప్రయాసలతో కూడిన పనియనియే. తన కార్యాలయములు దేనికి కట్టుబడియున్నవో దానిని వాడవద్దని ప్రజలకు చెప్పుట ఏ ప్రభుత్వమునకును కష్టమే. నిజమైన చిక్కు ఇచ్చట నున్నది.

కార్యాలయము లట్లు కట్టుబడుట ఎట్లు? ఆఱవకూర్పు వచ్చినకాలమున దానికి సాటివచ్చు బ్రౌజరు లేకుండెను. కావున సంస్థలును ప్రభుత్వములును తమ పుటలను లోకసామాన్యమైన నియమములనుబట్టి గాక, ఆ యొక్క బ్రౌజరునకే తెలిసిన పద్ధతులతో నిర్మించుకొనిరి. ఆక్టివ్ ఎక్సు అను నొక యనుబంధసాధనము అందులో ముఖ్యము. బ్రౌజరు పాతబడినను పుటలు పాతబడవు. పుటలు తిరుగవ్రాయవలెనన్న ధనము కావలెను. ధనమిచ్చువాడు “ఇప్పుడు పని నడచుచున్నది గదా” యనును. దక్షిణకొరియా ఇందులకు పరమోదాహరణము. 1990ల చివర ఆ దేశము స్వయముగా ఒక సంకేతలిపిని నిర్మించుకొని, బ్యాంకు లావాదేవీలకు ప్రభుత్వము గుర్తించిన ధ్రువపత్రము తప్పనిసరి చేసెను. స్వతంత్రబుద్ధితో చేసినపనియే అది. కాని ఆ సంకేతలిపి నడచుటకు ఆక్టివ్ ఎక్సు కావలెను. ఆక్టివ్ ఎక్సు నడచుటకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కావలెను. ఇట్లు స్వదేశీయమైన తాళము విదేశీయమైన తలుపునకు బిగింపబడి, ఆ తలుపు పుచ్చినపిదపను తీసివేయుటకు వీలులేకపోయెను. ఆ ధ్రువపత్రమునకు గల ప్రత్యేకాధికారమును కొరియా 2020 డిసెంబరులో గాని రద్దుచేయలేకపోయినది.

మనదేశమునను ఈ కథ వినుటకు కొరియా పోనక్కఱలేదు. కొంతకాలము క్రిందట పనిమీద ఒక పట్టణములోని యొక కార్యాలయమునకు పోయియుంటిమి. అచ్చటి గుమస్తా బల్లపై యంత్రమున్నది. క్రోము బ్రౌజరులో మాసిక వచ్చి యెక్కుటకు కాచుకొనియున్నచో కుడిమూలను చిన్నగుర్తొకటి వెలుగును. వచ్చి రెండుదినములు దాటకున్న పచ్చగా నుండును. నాలుగు దినములైన నారింజరంగు. వారము దాటినచో ఎఱుపు. మేము చూచిన గుర్తు ఎఱ్ఱగా నుండెను. ఊరకయుండలేక, “ఇది నొక్కరాదా బాబూ” అంటిమి. ఆతడు చేయి అడ్డము పెట్టెను. “అయ్యో, అది ముట్టుకోకండి. నొక్కితే మా టెండర్ల పుట తెరుచుకోదండి, డిజిటల్ సంతకం పడదు. పోయినసారి నొక్కినవాడికి మెమో ఇచ్చారండి” అనెను. ఆతని తప్పేమియు లేదు. నొక్కినవానికి మెమో గలదు, నొక్కనివానికి లేదు. ఎఱ్ఱగుర్తు ఎన్నిదినములనుండి యున్నదని అడిగితిమి. తాను ఆ సీటునకు బదిలీపై వచ్చినప్పటినుండియు అది ఎఱుపేనని చెప్పెను.

పాతదానిని విడువలేనివారి కొఱకు సంస్థలు పడు తిప్పలును తక్కువ కావు. విండోసు ఎక్సుపీకి 2014 ఏప్రిల్ 8తో ఆయువు తీరినదనియు, ఇక మాసికలు రావనియు మైక్రోసాఫ్ట్ వారు ఏండ్లుగా చాటిరి. ఆ నెల 26వ తేదీన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆఱునుండి పదునొకటవ కూర్పువఱకు అన్నిటను నున్న మఱియొక కన్నము బయటపడినది. అది కూడ పాతచిరునామా జాతిదే! ఈసారి అమెరికా ప్రభుత్వశాఖయే, మాసిక వచ్చువఱకు వేఱు బ్రౌజరును వాడుట యోచింపుడని తన ప్రజలకు చెప్పెను. నాలుగేండ్ల క్రిందట జర్మనులు చెప్పిన మాట అప్పటికి సాహసము గాక సామాన్యమైనది. మే 1న మాసిక వచ్చెను. ఆయువు తీరిన ఎక్సుపీకి సైతము వచ్చెను. దయయనుకొన్నవారు కొందఱు; చచ్చినదానికి మందుపోసి, అది బ్రతికియున్నదని జనులను నమ్మించుటయని విమర్శించినవారు కొందఱు. మేము రెండవవారి పక్షము.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు 2022 జూన్ 15న యజమానులే స్వస్తి చెప్పిరి. అయినను పాతపుటల నింకను విడువనివారి కొఱకు, క్రొత్త బ్రౌజరైన ఎడ్జిలోపల నొక గదిలో దానిని బ్రతికించియుంచిరి. 2025 ఆగస్టులో దొంగలు ఆ గదినే వెదకుకొని వచ్చిరి. జనులను మాయమాటలతో ఆ పాతపద్ధతిలో పుట తెఱచునట్లుచేసి, లోపలి కన్నముగుండ యంత్రములను వశపఱచుకొనుచున్నారని తెలియగా, మైక్రోసాఫ్ట్ వారు ఆ గదికి పోవు సులభమార్గములను మూసివేసిరి.

అయితే ఈనాడు ఒక బ్రౌజరును విడిచి మఱియొకదానిని పట్టుమను సలహా వెనుకటివలె పనికివచ్చునా? వచ్చునని రూఢిగా చెప్పజాలము. క్రోము, ఎడ్జి, ఒపెరా, బ్రేవ్ మొదలైనవానికి పేళ్లు వేఱైనను లోపలి యంత్రాంగము క్రోమియము అను నొక్కటియే. మొజిల్లావారి ఫైర్‌ఫాక్సును, ఆపిల్ వారి సఫారియు మాత్రమే చెప్పదగినంత వేఱు. ఆ వేఱైనవియు కొన్ని భాగములను పరస్పరము పంచుకొనుచున్నవి. 2023 సెప్టెంబరులో జరిగినది చూడుడు. వెబ్‌పీ యను నొక చిత్రరూపము గలదు. చిత్రములను చిన్నవిగా కుదించి పంపుటకు గూగుల్ వారే దానిని ప్రచారమునకు దెచ్చిరి. ఆ చిత్రమును విప్పి చూపు భాగములో లోపమున్నదని ఆపిల్ సంస్థయొక్క భద్రతాబృందమును, కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయమునకు చెందిన సిటిజన్ ల్యాబ్ వారును సెప్టెంబరు 6న గూగుల్ వారికి తెలిపిరి. 11వ తేదీన క్రోమునకు మాసిక వచ్చెను. మఱునాడు ఫైర్‌ఫాక్సునకు వచ్చెను. ఎడ్జి మొదలైనవానికిని వచ్చెను. ఆ భాగమును తమలో నిముడ్చుకొన్న ఇతర ప్రోగ్రాము లెన్నియో లెక్కతేల్చుటకు నిపుణులకు వారములు పట్టినది. ఏ బ్రౌజరులోనికి పాఱిపోయినను ఆ కన్నము అక్కడను ఉండెను. దొంగలు దానిని అప్పటికే వాడుచున్నారని గూగుల్ వారే తెలిపిరి. ఆపత్సమయమున పనికివచ్చినది బ్రౌజరు మార్చుట కాదు. ఐదాఱు దినములలో మాసిక వచ్చుటయు, వచ్చినదానిని జనులు వెంటనే వేసికొనుటయు.

ఆ వెంటనే యను మాటను గుఱించి కొంచెము విస్తరింపవలెను; చాలమంది కిది తెలియదు. క్రోమియముయొక్క రచన బహిరంగము, ఎవరైనను చదువవచ్చును. అందువలన అందులో నొక మరమ్మతు చేసినతోడనే, ఆ మరమ్మతును చదివి, దేనిని పూడ్చుచున్నారో, కన్నమెక్కడనో నేర్పరియైన దొంగ గ్రహింపగలడు. ఇంటికి పడిన కన్నమును పూడ్చుటకు మేస్త్రీ మేడి కట్టినతోడనే దారినపోవువారికి కన్నమెక్కడనో తెలియును గదా. మేడి కట్టిన దినమునకును, గోడ మన యింట పూర్తియైన దినమునకును నడుమనున్న కాలమే దొంగకు పండుగ. ఆ కాలము వెనుక క్రోమునకు సగటున 35 దినములుండెడిది. రెండువారముల కొకసారి మాసికలు పంపనారంభించినపిమ్మట సుమారు 15 దినములకు తగ్గినది. 2023 ఆగస్టునుండి వారమునకొకసారి పంపుచున్నారు. సంస్థ తన చేతిలోని దినములను తగ్గించినది. మిగిలిన దినములు మన చేతిలో నున్నవి. మాసిక తనంతట తాను యంత్రములోనికి దిగును. కాని బ్రౌజరును పూర్తిగా మూసి తెఱచినగాని యెక్కదు. కిటికీలు ముప్పది తెఱచియుంచి, నెలలతరబడి యంత్రమును ఆర్పక, మూసిన నేదో పోవునని భయపడువారు మాసికను గుమ్మములో నిలువబెట్టి తాళము వేసికొనుచున్నారు.

మన ప్రభుత్వమునకు ఈ పనికై సెర్ట్-ఇన్ అను జాతీయసంస్థ 2004 జనవరినుండి యున్నది. క్రోమునకో ఫైర్‌ఫాక్సునకో తీవ్రలోపము బయటపడినప్పు డెల్ల హెచ్చరిక ప్రకటించుచునే యున్నది. 2022 ఏప్రిల్ 28 నాటి యుత్తరువు ననుసరించి, దాడికి గుఱియైన సంస్థలు ఆ సంగతి తెలిసిన 6 గంటలలో దానికి తెలియజేయవలెను. ఇది కఠినమైన నియమమే, కఠినముగా నుండవలసినదే. కాని ఆ హెచ్చరికలు ఆంగ్లములో, లోపముల సంఖ్యలతో, కూర్పుల సంఖ్యలతో, నిపుణుల పరిభాషతో వెలువడును. తెనాలిలోని వర్తకుడో, కరీంనగరము జిల్లాలోని రైతో దానిని చదివి తన ఫోనులో నేమి నొక్కవలెనో గ్రహించుట దుర్ఘటము. తుపాను వచ్చునప్పుడు రేవులలో ఎన్నవ నంబరు జెండా యెగురవేయవలెనో ప్రభుత్వమునకు తెలియును. ఆ జెండాకు అర్థమేమో పల్లెకారునకును తెలియును. బ్రౌజరు విషయమున జెండా యున్నది గాని అర్థము తీరమునకు చేరుటలేదు. మూడు వాక్యముల తెలుగు చాలును: ఏ బ్రౌజరు, ఏ దినమునకుముందు, ఏ గుర్తు నొక్కవలెను. జిల్లా కలెక్టరు కార్యాలయమునుండి మీసేవా కేంద్రములకు ఆ మూడు వాక్యములు పంపుటకు క్రొత్తచట్టము అక్కఱలేదు.

స్వదేశీయమైన బ్రౌజరు కావలెనను ప్రయత్నమును జరుగుచున్నది. 2023 ఆగస్టులో కేంద్రప్రభుత్వము అట్టిదానిని నిర్మించుటకు పోటీ యొకటి ప్రకటించెను. 2025 మార్చిలో ఫలితములు వెలువడి జోహో సంస్థ ప్రథమబహుమానముగా కోటిరూపాయలను పొందెను. మేము సంతోషించితిమి. విదేశీయసంస్థ సెప్టెంబరులో తెలిసినదానిని ఫిబ్రవరివఱకు దాచుకొనినచో అడుగుటకు మనకు హక్కు లేదు. మనదైన సంస్థను అడుగగలము. కాని బహుమానము నిర్మించినందుల కిచ్చినది. నిర్మించుట ఒకనాటి పని. లోపమున్నదని తెలిపినవానిని ఆదరించి, రాత్రింబవళ్లు కాచియుండి, వారమువారమును మాసిక పంపుచుండుట ఏండ్లతరబడి సాగవలసిన పని. దానికి కోటిరూపాయలు కొంతకాలపు జీతములకును చాలవు. ఖద్దరైనను చినిగినచోట మాసిక వేసికొనకతప్పదు. ఆ మాసికల ఖర్చును ఎవరు భరింతురో, గడువు ఎన్ని దినములో ప్రభుత్వము ఇప్పుడే నిర్ణయించి ప్రకటించుట యుక్తము. అంతకంటె ముందు, తన కార్యాలయములలోని ఏ పుటలు క్రొత్తబ్రౌజరులలో తెఱచుకొనవో ఒక్క పట్టిక వ్రాయించి, వానిని తిరుగవ్రాయించుటకు తేదీలు వేయవలెను. ఆ పట్టిక వ్రాయుటకు నిపుణులతో పని లేదు. ఎఱ్ఱగుర్తు వెలుగుచున్న బల్లలయొద్దకు పోయి గుమస్తాలను అడిగిన చాలును. ఏ పుట ఎందులకు తెఱచుకొనదో వారికి కంఠస్థము.

మేము చూచిన గుమస్తా మఱునాడు ఫోనులో మాతో మాటలాడెను. ఇంటిలోని తన సొంత ఫోనులో మాసిక వేసికొన్నాడట. కార్యాలయపు యంత్రమును గుఱించి పైవారికి వ్రాతమూలకముగా విన్నవించుటకు దరఖాస్తు ఎట్లు వ్రాయవలెనో అడిగెను. మేము వ్రాసి యిచ్చితిమి.